చీరగార్డు విప్పిన ఆదివారం

వేపచెట్టు నీడన గోనెసంచీ పరుచుకుని మోటారుసైకిలు చీరగార్డు బోల్టులు విప్పుతున్నాను. మా ఆవిడ కూరల సంచీతో గేటు తీసుకుని లోపలికి వచ్చింది.

"ఏమండీ, అదెందుకు తీస్తున్నారు?"

"తుప్పు పట్టిందే. చూద్దామని."

"తుప్పు పట్టి మూడేళ్ళయింది. ఇవాళే కనబడ్డదా?"

నేను కాలేజీలో పిల్లలకి ఫిజిక్సు పాఠం చెప్పుకునేవాణ్ణి. అబద్ధాలు బొత్తిగా రావని కాదుగాని, వచ్చినవి మా ఇంట్లో చెల్లవు. అంచేత ఉన్నమాట చెప్పేశాను. ఈ 2025 ఫిబ్రవరిలో ఒక శనివారం నాడు మద్రాసు దగ్గిర రేసుల ట్రాకు మీద ఈ బండి తోలబోతున్నాను. (చెన్నై అనాలని తెలుసు. మా నెల్లూరు నోటికి అది ఇంకా మద్రాసే.) అక్కడ వెనకసీటు మీద ఎవరూ ఎక్కరు. చీర లేదు కనక చీరగార్డూ ఉండకూడదు. ఏ మలుపులోనో అది ఊడిపడితే వెనక వచ్చేవాడి చక్రం కిందికి పోతుంది. తీరా అక్కడికి వెళ్ళాక బోల్టు మొరాయిస్తే ఏం చెయ్యాలని ముందుగానే విప్పి చూస్తున్నాను.

ఆవిడ కూరల సంచీ కింద పెట్టింది. "రేసా?"

రేసు కాదు. ఈ తేడా మీకు కూడా చెప్పాలి, ఎందుకంటే మా బంధువుల్లో సగంమంది లెక్కలో నేను ఇప్పటికీ పందెం పరిగెత్తి ఓడిపోయిన మనిషినే. దీన్ని ట్రాక్ డే అంటారు. ఎవరో ఒక సంస్థవారు ట్రాకును ఒక రోజుకి అద్దెకు తీసుకుంటారు. రుసుము కట్టినవాళ్ళు తమ సొంత బండి తెచ్చుకుని తోలుకోవచ్చు. బహుమతుల్లేవు, మొదటివాడూ కడపటివాడూ లేరు. కొత్తవాళ్ళనీ, కాస్త అలవాటు పడ్డవాళ్ళనీ, చెయ్యి తిరిగినవాళ్ళనీ జట్లుగా విడదీసి, జట్టుకి ఇరవై నిమిషాల చొప్పున వదులుతారు. ఎదురొచ్చే లారీ లేదు, అడ్డొచ్చే గేదె లేదు, రాంగు రూటులో సెల్లు మాట్లాడుతూ వచ్చే మహానుభావుడు లేడు. అందరూ ఒకే దిక్కుకి పోతారు. మలుపు దగ్గిర దారి తప్పితే కాలవలో పడకుండా పక్కన ఖాళీ జాగా వదిలి ఉంచుతారు. అంబులెన్సు కూడా సిద్ధంగా పెడతారు.

"అంబులెన్సు దేనికి?" అన్నది మా ఆవిడ, తక్కినదేదీ విననట్టే.

ఇది నా నెత్తికెత్తినవాడు ఆవిడ సొంత తమ్ముడేనని అప్పుడు మనవి చేశాను. అతనికి శ్రీపెరంబుదూరులో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం. ట్రాకు అక్కడికి దగ్గిరే, ఇరుంగాట్టుకోట్టై అనే ఊరి పక్కన, బెంగుళూరు రోడ్డు మీద. ఏడాదికి రెండుమూడు మార్లు వెళ్ళి తోలి వస్తాడు. "బావా, ఇరవై ఏళ్ళుగా బండి తోలుతున్నావు. నీకు తోలడం వచ్చో రాదో ఒక్క రోజులో తేలిపోతుంది" అన్నాడు. నలభైఆరేళ్ళ మనిషితో ఆ మాట అనకూడదు.

మా ఆవిడ కాస్సేపు ఆలోచించి ఒకటే ప్రశ్న వేసింది. "ఇన్సూరెన్సు ఉంటుందా?"

బీరువాలోంచి పాలసీ కాగితం తీసి, దాన్ని మొదటిసారి చదివాను. మన మోటారుసైకిలు పాలసీలు పందాలకీ, వేగపరీక్షలకీ వర్తించవని అందులో తెల్లకాగితం మీద నల్ల అక్షరాలతో అచ్చువేసే ఉంటుంది. ట్రాకు మీద బండి విరిగితే ఆ ఖర్చు మనదే. పైగా ఏం జరిగినా పూచీ నాదేనని అక్కడ వేరే సంతకం చెయ్యాలి. ఆ సంగతీ దాచకుండా చెప్పాను. "సరే, బండి సంగతి తెలిసింది. మరి మీ సంగతి?" అన్నది. తలనించి పాదందాకా తోలు తొడుగు, వీపుకి కవచం, మణికట్టు దాటి వచ్చే చేతొడుగులు, చీలమండ పైకి వచ్చే బూట్లు, ముఖం మొత్తం కప్పే హెల్మెట్టు, ఇవన్నీ తప్పనిసరి అన్నాను. తోలు తొడుగు బావమరిది స్నేహితుడి దగ్గిర అద్దెకు కుదిరింది. అది నా పొట్టకి పట్టే కథ వేరే ఉంది. ఇక్కడ వద్దులెండి.

బండి సంగతి చెబుతాను. అది పల్సర్ ఎన్ఎస్ 200. 2016లో కొన్నది. పొద్దున్న అమ్మాయిని స్కూల్లో దింపి, ఆవిణ్ణి ఆఫీసులో దింపి, నేను కాలేజీకి పోతాను. సాయంత్రం వచ్చేటప్పుడు బియ్యం బస్తా కూడా మోస్తుంది. రేసుబండి లక్షణాలు దానికి ఏమైనా ఉంటే తొమ్మిదేళ్ళలో మేమే పోగొట్టాం.

దాన్ని ట్రాకుకి తయారు చెయ్యడమంటే ఏవో చేర్చాలనీ, శబ్దం చేసే గొట్టాలు తగిలించాలనీ అనుకున్నాను. తీరా చూస్తే తీసెయ్యడమే ఎక్కువ. అద్దాలు తియ్యాలి. పడితే గాజుపెంకులు రోడ్డు నిండా చెదురుతాయి. అదీగాక ట్రాకు మీద వెనక్కి చూడడం మన పని కాదు. మనల్ని దాటేవాడే చూసుకుని దాటాలి. నంబరుపలక తియ్యాలి. ఇండికేటర్లు వీలైతే తియ్యాలి, లేకపోతే హెడ్డులైటుతో పాటు వాటిమీదా టేపు అతికించాలి, పగిలినా ముక్కలు చెదరకుండా. పక్కస్టాండు తీసెయ్యాలి, లేదా తీగతో బిగించి కట్టెయ్యాలి. బండి ఎడమకి వాలినప్పుడు అది జారి నేలకి తగిలిందంటే మనిషిని ఎత్తి పడేస్తుంది. వెనక కూచునేవారి పాదాల ఆధారాలూ చీరగార్డూ సరేసరి. రోడ్డు మీద తిరిగే బండికి ఇవి ఉండి తీరాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన చెబుతుంది. అంచేత చీరగార్డు బోల్టులు గ్రీజు రాసి మళ్ళీ బిగించేసి, ఈ తీసేసే పనులన్నీ ప్రయాణం రోజుకి వాయిదా వేశాను.

రేడియేటరులో పోసే కూలెంటు కూడా తీసెయ్యాలని తెలిసినప్పుడు ఆశ్చర్యపోయాను. అందులో గ్లైకాలు ఉంటుంది. అది రోడ్డు మీద ఒలికితే జిడ్డుగా జారుతుంది, తొందరగా ఆరదు. ఒకడి రేడియేటరు పగిలితే పదిమంది పడతారు. అంచేత శుభ్రంగా కడిగి వట్టి డిస్టిల్డు వాటరు పొయ్యమన్నారు. ఇంజనాయిలు దించే బోల్టుకీ, ఆయిలు పోసే మూతకీ బెజ్జం వేసి, సన్నని ఉక్కుతీగతో మెలిపెట్టి కట్టడం పందాల బళ్ళకి రివాజు. మా వీధి మెకానిక్కు అది కూడా చేసిపెట్టాడు. బెజ్జం వేస్తూ, "సార్, ఈ వయసులో మీకిది కావాలా?" అన్నాడు. "నువ్వు కూడానా భాయ్?" అన్నాను.

టైర్ల విషయం అతనే తేల్చాడు. టైరు పక్కన కోడిగుడ్డు ఆకారపు గీతలో నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తరవాతి రెండూ సంవత్సరం. నా వెనక టైరు మీద 2319 అని ఉంది, అంటే 2019లో ఇరవైమూడో వారం. అట్టు పెనంలాగా నడిమధ్య చదునుగా అరిగింది. నిటారుగా పోయే హైవే ప్రయాణాలకి మధ్యభాగమే అరుగుతుంది, మలుపులో వాలినప్పుడు ఆ అంచు మెట్టులాగా అడ్డొస్తుంది. మారు మాట్లాడకుండా కొత్తది వేయించాను.

ఇక బ్రేకులు. నేను ఇది రాయడానికి కూచున్నదే ఈ బ్రేకుల గురించి.

ముందు చక్రం డిస్కుని రెండువైపులా అదిమి పట్టే ప్యాడ్లు విప్పి చూశాను. అరిగినదీ లేనిదీ తెలియడానికి వాటి మీద గాడి ఒకటి ఉంటుంది. ఆ గాడి ఎక్కడా కనపడలేదు. ఇనుపరేకు మీద రాపిడి మందు వక్కపలుకు మందం కూడా లేదు. అదొక ఎత్తు. హ్యాండిలు మీద బ్రేకు ఆయిలు డబ్బీకి చిన్న గాజుకన్ను ఉంటుంది. తొమ్మిదేళ్ళుగా నా కళ్ళెదుట ఉన్న కన్ను అది. అందులోకి చూస్తే లోపల చిక్కని కాఫీ డికాక్షను రంగు. కొత్త బ్రేకు ఆయిలు లేత ఆముదం రంగులో ఉంటుంది.

దీన్ని ఆయిలని అంటామేగాని ఇది నూనె కాదు. ఇది కూడా గ్లైకాలు జాతిదే, గాలిలో చెమ్మని పీల్చుకుంటుంది, వానాకాలంలో మూత పెట్టని ఉప్పుజాడీలాగా. మన బళ్ళల్లో పోసే డాట్ 4 రకం కొత్తలో కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. అందులో నూటికి నాలుగు వంతులకి లోపే నీరు చేరితే ఆ పరిమితి 155 డిగ్రీలకి పడిపోతుంది. బండి వేగం రెట్టింపయితే దాన్ని ఆపడానికి బ్రేకు మింగవలసిన వేడి నాలుగు రెట్లు. ఇది నేను ఏటేటా బోర్డు మీద రాసే లెక్కే. ఆ వేడికి ఆయిలులోని నీరు మరిగి ఆవిరి బుడగలవుతుంది. ద్రవాన్ని నొక్కితే కుదించుకుపోదు కనక వేలితో నొక్కిన బలం చక్రందాకా పోతుంది. ఆవిరిని నొక్కితే కుదించుకుపోతుంది. అప్పుడు లివరు నొక్కినా స్పాంజి పిసికినట్టే ఉంటుంది, హ్యాండిలుకి వచ్చి తగులుతుంది. బండి మాత్రం ఆగదు.

ఈ వాక్యం మనసులో పూర్తయ్యేసరికి చేతిలో స్పానరు ఆగిపోయింది. ఎందుకంటే స్పాంజి పిసికినట్టుండడం నాకు తెలుసు.

2022 మే నెలలో మా ఆవిణ్ణి వెనక కూచోబెట్టుకుని తిరుమలనించి దిగువకి వస్తున్నాను. దిగే ఘాట్ రోడ్డు. దిగుడే కదా, పెట్రోలు కలిసొస్తుందని బండి న్యూట్రల్లో వదిలేశాను. (ఫిజిక్సు మాస్టరు చేసే పని అది!) ఇంజను పట్టి ఆపవలసిన బరువంతా బ్రేకుల మీద పడ్డది. ఒక్కొక్క మలుపుకీ లివరు నొక్కి పట్టుకునే ఉన్నాను. సగం కొండ దిగేసరికి ఒక మలుపు ముందర లివరు నొక్కితే అది మెత్తగా హ్యాండిలుదాకా వచ్చేసింది. ముందు చక్రానికి నా మాట వినపడనే లేదు. వెనక బ్రేకు తొక్కి, గేరులో వేసి, ఎలాగో కొండవైపుకి ఒరిపించి గోడ పక్కన ఆపాను. కాళ్ళు వణుకుతున్నాయి. మా ఆవిడతో, "దిగు, కోతుల్ని చూద్దువుగాని" అన్నాను. చాలాసేపు చూసింది. బ్రేకు చల్లబడ్డాక లివరు మళ్ళీ గట్టిపడ్డది. చెయ్యి అలిసిపోయి అలా అనిపించింది కాబోలుననుకున్నాను. అంటే, అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంది. ఇంటికి వచ్చాక ఎవరికీ చెప్పలేదు, మెకానిక్కుకి కూడా. ఆ తరవాత మూడేళ్ళపాటు అదే ఆయిలు మీద ఆవిణ్ణీ అమ్మాయినీ ట్రంకురోడ్డు మీదా వి.ఆర్.సి. సెంటరులోనూ తిప్పాను.

ఆయిలు మార్చడానికి ఇద్దరు మనుషులు కావాలి. అమ్మాయిని పిలిచాను. హ్యాండిలు చుట్టూ తడిగుడ్డ కప్పాను, ఆ ద్రవం పడితే రంగు లేచిపోతుంది. కింద బ్రేకు దగ్గిర నిపిలుకి తెల్ల ప్లాస్టిక్ గొట్టం తగిలించి, రెండో కొస సీసాలో పెట్టాను. అమ్మాయి లివరు మూడుసార్లు నొక్కి పట్టుకోవాలి, నేను నిపిలు సడలించాలి. గొట్టంలోకి పాత ఆయిలు వస్తుంది. నేను బిగించాక అమ్మాయి లివరు వదలాలి. నిపిలు తెరిచి ఉండగా లివరు వదిలితే గాలి లోపలికి పోతుంది. పైన డబ్బీ ఖాళీ కాకుండా కొత్త ఆయిలు పోస్తూండాలి. "నొక్కు... పట్టు... ఇప్పుడు వదులు" అంటూ పాటలాగా సాగుతోంది. గొట్టంలో నల్లటి తీగ పాకింది, మధ్యమధ్య బుడగలతో.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది. "ఆ నల్లది యేమిటి?"

"బ్రేకు ఆయిలు."

"ఎప్పట్నించీ ఉంది అలా?"

సర్వీసు పుస్తకం ప్రకారం రెండేళ్ళకోసారి మార్చాలి. చివర మార్చినది 2019లో. అది చెప్పాను. ఇంకా చెప్పవలసింది గొంతులో ఉంది. అమ్మాయి, "పట్టుకున్నా నాన్నా, వదలనా?" అంటోంది. అప్పుడే చెప్పేశాను, తిరుమల కొండ సంగతి అంతా, స్పానరు కేసి చూస్తూ.

ఆవిడ కేకలు వెయ్యలేదు. వేసి ఉంటే తేలిగ్గా ఉండేది. "ఆవేళ ఎండలో కోతుల్ని చూడమని నిలబెట్టింది ఇందుకా!" అన్నది. కాస్సేపయ్యాక మళ్ళీ వచ్చి, "ఆ ట్రాకువాళ్ళు అడక్కపోతే ఇది మార్చేవారు కారా?" అన్నది.

నా దగ్గిర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఎవడో తెలియనివాడు నా బండి పరీక్ష చేస్తాడని భయపడి నెలరోజులు దాని కింద దూరాను. రోజూ వెనక కూచునే మనిషి ఏ పరీక్షా చెయ్యకుండా ఎక్కుతోంది కనక నేనూ చెయ్యలేదు. ఇంతకన్న పెద్ద కారణం వెతికినా దొరకలేదు.

వెళ్ళవద్దంటుందేమో అనుకున్నాను. "నేనూ వస్తాను. అక్కడ పరీక్ష చేసే మనిషిని చూడాలి" అన్నది.

కొత్త ప్యాడ్లు వేశాక మైపాడు రోడ్డు మీద తెల్లవారుజామున రెండు మూడు రోజులు తిరిగి, మెల్లగా పట్టీ వదిలీ వాటిని డిస్కుకి ఒరిపించాను. కొత్త ప్యాడ్లతో నేరుగా ట్రాకు ఎక్కకూడదు. శుక్రవారం నాడు అద్దాలూ, నంబరుపలకా, చీరగార్డూ అన్నీ తీసి ఒక అట్టపెట్టెలో వేసి, మరలు ఏవి ఎక్కడివో చీటీలు రాసి పెట్టాను. అలాంటి బండి రోడ్డు మీద తోలకూడదు కనక మా వీధి కూరగాయల వ్యానులో ఎక్కించి తాళ్ళతో నాలుగువైపులా బిగించాం. తడ దగ్గిర టీ తాగుతూంటే ఒక పెద్దాయన బండి చుట్టూ తిరిగి చూసి, "పాపం, ఏక్సిడెంటా?" అన్నాడు.

ఆ దారిలోనే, మద్రాసు ఇంకా పాతిక కిలోమీటర్లుందనగా, షోలవరం వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అక్కడ విమానాలు దిగేవి. 1953లో పుట్టిన మద్రాసు మోటారు స్పోర్ట్సు క్లబ్బు ఆ పాత సిమెంటు పట్టీల మీదనే ఎన్నో ఏళ్ళు పందాలు నడిపింది. మా నాన్నగారు కుర్రతనంలో నెల్లూరునించి బస్సెక్కి వెళ్ళి చూసివచ్చేవారు. రోడ్డు మీద తోలుకొచ్చిన బండినే అక్కడ చెట్టు కింద ఆపి, లైటు విప్పి, పందెం తోలి, మళ్ళీ లైటు బిగించుకుని దాని మీదనే ఇంటికి పోయేవాళ్ళని చూశానని చెప్పేవారు. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాకు తెరిచారు. పొడుగు దాదాపు 3.7 కిలోమీటర్లు, మలుపులు పన్నెండు. ఇప్పుడు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు.

శనివారం పొద్దున్నే తనిఖీ. వరసలో నా ముందర పదిమంది ఉన్నారు. సగం నా శిష్యుల వయసువాళ్ళు. నా బండి చూసుకుని లోలోపల మురిసిపోతున్నానని ఒప్పుకోవాలి. బిగించిన ప్రతి బోల్టు మీదా తెల్లరంగుతో గీత పెట్టుకున్నాను. బోల్టు కదిలితే గీత తప్పుతుంది, చూడగానే తెలుస్తుంది. తనిఖీ చేసే ఆయన తమిళాయన, నెరిసిన మీసం, మాటలు తక్కువ. యాక్సిలరేటరు పిడి తిప్పి వదిలాడు. టక్కున వెనక్కి వచ్చింది. బ్రేకు లివరు నొక్కాడు. రాయిలాగా ఉంది. నేను మా ఆవిడ వైపు చూశాను. ముందుచక్రం ఎత్తించి హ్యాండిలు అటూ ఇటూ తిప్పి, కోన్‌సెట్టులో ఆట ఉందేమో చూశాడు. చెయిను వదులు చూశాడు. తరవాత కిందికి వంగి వెనక చక్రం ఇరుసు నట్టు కేసి చూస్తూ ఉండిపోయాడు.

దాని మీద తెల్లగీత లేదు.

చెయ్యి చాచి నా స్పానరు తీసుకుని నట్టు మీద పెట్టాడు. ముప్పావు చుట్టు తిరిగింది. బయలుదేరే ముందురోజు చెయిను వదులు సరిచెయ్యడానికి ఆ నట్టు సడలించాను. అప్పుడే వ్యాను వచ్చిందని ఎవరో పిలిచారు. చేత్తో తిప్పి, తరవాత బిగిద్దామని లేచాను. ఆ 'తరవాత' ఇదే.

ఆయన నన్నేమీ అనలేదు. స్టిక్కరు అతికించకుండా పక్కకి నిలబెట్టించి, "టార్కు రెంచీతో బిగించి, గీత పెట్టి తీసుకురండి" అన్నట్టు సైగ చేసి, తరవాతి బండి దగ్గిరికి పోయాడు. బావమరిది రెంచీ ఎక్కడో తెచ్చేసరికి నా జట్టు మొదటి ఇరవై నిమిషాలూ అయిపోయాయి. మా ఆవిడ మాత్రం ఆ మీసాలాయన దగ్గిరికి వెళ్ళి, అరువు తెచ్చుకున్న తమిళంలో నమస్కారం చెప్పి వచ్చింది.

తోలిన సంగతి చెప్పడానికి పెద్దగా లేదు, తోలేటప్పుడు తల ఖాళీగా ఉండదు కనక. జెండాలు ముందే చెబుతారు. పసుపు చూపిస్తే ముందు ప్రమాదం ఉంది, ఎవర్నీ దాటకూడదు. ఎరుపయితే ఎవరూ తోలకూడదు, మెల్లగా వెనక్కి వచ్చెయ్యాలి. నీలం చూపిస్తే వెనక నీకంటె వేగంగా వచ్చేవాడున్నాడు, నువ్వు నీ దారిన పో. నీలం జెండాతో నాకు మంచి స్నేహం కుదిరింది. నా స్పీడోమీటరు మీద కూడా టేపు వేయించారు, అంకె చూస్తే మలుపు చూడరని. అంచేత ఎంత వేగం పోయానంటే చెప్పలేను. తిన్నని దారి చివర లివరు నొక్కిన ప్రతిసారీ వేలికి గట్టిగా తగిలేది. ఆరు చుట్లు తిరిగినా, ఏడు తిరిగినా అదే గట్టితనం. రెండుమూడు చుట్లదాకా ఎడంవైపు లేని అద్దంలోకి చూస్తూనే ఉన్నాను. ఇరవైయేళ్ళ అమ్మాయి ఒకర్తె నాకంటె చిన్నబండి మీద మలుపులో నన్ను దాటిపోయింది. ఆవిడకి తోలడం వచ్చు. బావమరిది చెప్పిన పరీక్షలో నేను ఫెయిలయ్యానని అనను, మార్కులు తక్కువ వచ్చాయి.

ఒక్క ముచ్చట చెబుతాను. పొద్దున్న చల్లని టైర్లలో అక్కడి శిక్షకుడు చెప్పిన ప్రకారం 25 పౌన్ల గాలి పెట్టాను, రోడ్డుకయితే అది తక్కువ. ఇరవై నిమిషాలు తిరిగొచ్చి వెంటనే గేజి పెడితే 29 చూపించింది. వాయువుని వేడిచేస్తే పీడనం పెరుగుతుందని పాతికేళ్ళుగా బోర్డు మీద రాసి, అది గేజి ముల్లు మీద స్వయంగా చూసినది ఆ రోజే. కుర్రాడిలాగా నవ్వుకున్నాను. సోమవారం క్లాసులో ఈ లెక్కే ఇచ్చాను.

మధ్యాహ్నం భోజనం తరవాత మోకాళ్ళు నొప్పెట్టి, కళ్ళు ఒక్క క్షణం ఆలస్యంగా మలుపుని పట్టుకోవడం మొదలయింది. ఇంకొక ఇరవై నిమిషాల వంతు మిగిలి ఉండగానే దిగిపోయాను. డబ్బు కట్టాం కదా అని బావమరిది అన్నాడు. మా ఆవిడ అప్పటికే అట్టపెట్టె తెరిచి, చీటీలు చదివి మరలు వరసగా పేర్చి పెట్టింది. అందరికంటె ముందు చీరగార్డు అందించింది. అక్కడ, ఆ తోలు తొడుగుల కుర్రాళ్ళ మధ్య కూచుని అది బిగించాను. ఒకడు వచ్చి, "అంకుల్, ఇది ఏ పార్టు?" అని అడిగాడు.

ఇంటికి వచ్చాక గాలి మళ్ళీ పూర్తిగా పెట్టించాను, అద్దాలూ నంబరుపలకా యథాస్థానాలకి పోయాయి. సోమవారం పొద్దున్న ఆఫీసుకి బయలుదేరుతూ మా ఆవిడ ఎక్కబోయి ఆగింది. నా పక్కనించి చెయ్యి చాచి బ్రేకు లివరు ఒకసారి నొక్కి చూసింది. తరవాత వంగి వెనకచక్రం నట్టు మీద తెల్లగీత చూసింది.

"కూలెంటు పోశారా?" అన్నది.

పొయ్యలేదు. రేడియేటరులో ఇంకా వట్టి నీళ్ళే ఉన్నాయి. అలా వదిలేస్తే లోపల తుప్పు పడుతుంది. ఆదివారం పోస్తానన్నాను. ఇది రాస్తున్నది శనివారం రాత్రి. కూలెంటు డబ్బా తీసుకెళ్ళి వేపచెట్టు కింద పెట్టి మరీ పడుకుంది.